రాత్రి ఎనిమిది గంటల గడి

(అనంతపురంలో మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారు మాకు ఫిజిక్సు చెప్పారు. ఆయన్ని తలచుకున్నప్పుడు నాకు తరగతి గది కన్నా ముందు కాలేజీ మిద్దె మీది నెయ్యి డబ్బా కళ్లముందుకు వస్తుంది. పదిహేను కిలోల డబ్బా. దానికి నల్లరంగు పూసి, నిండా నీళ్లు పోసి, వెనకవైపు వంచిన రేకులకు వెండికాగితం అతికించి నిలబెట్టేవారు. రోజుకు నాలుగుసార్లు మిద్దెక్కి, నీళ్లలో థర్మామీటరు ముంచి, కనిపించిన అంకెను ఒక పొడుగాటి లెడ్జరులో రాసేవారు. ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం నాలుగు, రాత్రి ఎనిమిది. ఆ పక్కన ఇంకో గడి. అందులో ఆ రోజు ఆకాశం ఎలా ఉందో ఒక్క మాట: తేట, మసక, దుమ్ము, మబ్బు. ఇంటర్ రెండో ఏడులో కొన్ని నెలలు ఆ రాతపని నాకు అప్పగించారు. రాత్రి ఎనిమిది గంటల గడి ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. పొద్దు గూకాక ఎండ గురించి కొలిచేదేముందని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. మర్నాడు వేరుసెనగ పొట్టు కూరిన గోనెసంచులు తెప్పించి డబ్బా చుట్టూ కట్టించి, "ఈ రాత్రి వచ్చి చూడు" అన్నారు. వెళ్లి చూశాను. నీళ్లలో వేలు పెట్టి చటుక్కున తీసేశాను.

ఆ తర్వాత ఎలక్ట్రిసిటీ బోర్డులో చేరి ముప్పై ఏళ్లకు పైగా బొగ్గు బాయిలర్ల మధ్య గడిపాను. రిటైరయ్యాక, మాస్టారు మిద్దె మీద చేసిన పనికి ప్రపంచంలో ఏం గతి పట్టిందో చదవడం మొదలుపెట్టాను. సౌర ఉష్ణ విద్యుత్తు, అంటే ఎండ వేడితో ఆవిరి పుట్టించి తీసే కరెంటు, ఏ దేశంలో వ్యాపారంగా నిలదొక్కుకుంది, ఎక్కడ కూలిపోయింది అని వెతుక్కుంటూ పోతే ప్రతిచోటా రెండు ప్రశ్నలే ఎదురయ్యాయి. ప్రభుత్వం తానిచ్చిన మాట మీద ఎన్నేళ్లు నిలబడింది? ఏ గంట కరెంటుకు ఎంత ధర కట్టింది? ఇవాళ నేను చెప్పేదంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

యంత్రం సంగతి కాస్త చెప్పాలి. ఇళ్ల మీద, పొలాల్లో మనం చూసే సోలార్ పలకలు వెలుతురును నేరుగా కరెంటుగా మారుస్తాయి. సౌర ఉష్ణ కేంద్రం మాత్రం నా బాయిలరుకు దగ్గరి చుట్టం. వంపు తిరిగిన అద్దాల వరసలు ఎండను ఒక సన్నటి గొట్టం మీదికి మళ్లిస్తాయి. గాజు తొడుగులో ఉన్న ఆ ఉక్కు గొట్టంలో పారే నూనె 390 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ వేడికి నీరు ఆవిరవుతుంది, ఆవిరి టర్బైనును తిప్పుతుంది. టర్బైను నుంచి ఇవతల ఉన్నదంతా ఇబ్రహీంపట్నంలోనో కొత్తగూడెంలోనో పనిచేసిన ఏ ఇంజనీరైనా కళ్లు మూసుకుని గుర్తుపట్టేదే. ఇంకో పద్ధతిలో వేలకొద్దీ అద్దాలు చుట్టూ నిలబడి, ఎత్తయిన టవరు కొసన ఎండను కుమ్మరిస్తాయి.

ఈ యంత్రానికి ఒక బలహీనత, ఒక బలం ఉన్నాయి. అద్దానికి సూర్యుడి నుంచి సూటిగా వచ్చే కిరణమే కావాలి. గాలిలో దుమ్ము, తేమ ఉండి వెలుతురు చెల్లాచెదురైతే పలక ఎంతో కొంత పనిచేస్తుంది గానీ అద్దం చేతులెత్తేస్తుంది. లెడ్జరులో 'తేట' అన్న మాటకూ 'మసక' అన్న మాటకూ మధ్య కోట్ల రూపాయల తేడా ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బలం ఏమిటంటే, వేడిని దాచుకోవచ్చు. స్పెయిన్‌లో గ్రనడా దగ్గర ఆండసోల్ అనే కేంద్రం ఉంది, 50 మెగావాట్లది. అక్కడ రెండు పెద్ద ట్యాంకుల్లో 28,500 టన్నుల ఉప్పు కరిగి ఉంటుంది. సోడియం నైట్రేటు, పొటాషియం నైట్రేటు కలిపిన ఉప్పు. రెండోది దీపావళి మందుల్లో వాడే సురేకారమే. చల్లటి ట్యాంకని వాళ్లు పిలిచేది 290 డిగ్రీల మీద ఉంటుంది, వేడి ట్యాంకు 390కి కాస్త తక్కువలో. పగలు దాచిన ఆ వేడితో పొద్దు గూకాక ఏడున్నర గంటలు పూర్తి లోడు మీద టర్బైను తిరుగుతుంది. మాస్టారి వేరుసెనగ పొట్టు సంచులు అంత పెద్దవయ్యాయి.

ఆలోచన కొత్తదేమీ కాదు, మనకు దూరపుదీ కాదు. 1870లలో బొంబాయి హైకోర్టులో పనిచేసే విలియం ఆడమ్స్ అనే ఇంగ్లీషాయన చిన్న చిన్న అద్దాలను వరసగా అమర్చి, ఎండను బాయిలరు మీదికి తిప్పి, రెండున్నర హార్స్‌పవరు పంపు నడిపించాడు. ఉష్ణదేశాల్లో కట్టెలకూ బొగ్గుకూ బదులు ఎండనే వాడుకోవచ్చంటూ 1878లో పుస్తకం రాశాడు. అదే ఏడు పారిస్ ప్రదర్శనలో ఆగస్టిన్ మూషో ఎండ వేడితో మంచుగడ్డ చేసి చూపించాడు. బొగ్గు చవకయ్యాక ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయనకిచ్చే సాయం ఆపేసింది. 1913లో కైరో దగ్గర మాదీలో ఫ్రాంక్ షూమన్ అనే అమెరికన్ అయిదు పొడవాటి అద్దాల వరసలతో నైలు నీటిని పొలాలకు తోడాడు. మరుసటేడే యుద్ధం వచ్చింది, దాని వెనకే చవక చమురు వచ్చింది. ముగ్గురి యంత్రాలూ పనిచేశాయి. ముగ్గురికీ వెనక నిలబడి కొనేవాడు దొరకలేదు.

అలా కొనేవాడు మొదటిసారి దొరికింది కాలిఫోర్నియాలో, మొహావి ఎడారిలో. అక్కడ కాసేపు ఆగుదాం. అక్కడ జరిగిందంతా తర్వాత ఒక్కో దేశంలో ఒక్కో రూపంలో మళ్లీ జరిగింది.

చమురు ధరలు అమెరికాను వణికించిన రోజులవి. 1978లో అక్కడి కాంగ్రెస్ 'పర్పా' అనే చట్టం చేసింది. ఎవరైనా చిన్న విద్యుత్ కేంద్రం పెట్టుకుంటే ఆ ప్రాంతపు కరెంటు కంపెనీ దాని కరెంటును కొని తీరాలి. తానే తయారుచేసుకుంటే ఎంత ఖర్చయ్యేదో అంత ధర ఇవ్వాలి. కాలిఫోర్నియా రెగ్యులేటరీ కమిషన్ ఈ చట్టాన్ని బ్యాంకు మేనేజరు నమ్మగలిగే కాగితంగా మార్చింది. అందరికీ ఒకే నమూనా ఒప్పందం, పదేళ్ల ధర ముందే రాసిపెట్టి. పైగా ఆ ధర రోజంతా ఒకటే కాదు. వేసవి మధ్యాహ్నాలు ఏసీలన్నీ తిరిగే వేళ యూనిట్‌కు బాగా ఎక్కువ, మిగతా వేళల్లో తక్కువ. ఎండ మండే వేళా, కరెంటుకు గిరాకీ పెరిగే వేళా అక్కడ ఒకటే కావడంతో అద్దాల లెక్క కుదిరింది.

ఆర్నాల్డ్ గోల్డ్‌మన్ స్థాపించిన లుజ్ అనే సంస్థ 1984లో 13.8 మెగావాట్ల కేంద్రం కట్టింది. 1990 నాటికి అవి తొమ్మిదయ్యాయి, మొత్తం 354 మెగావాట్లు. మొదటి కేంద్రంలో యూనిట్‌కు 25 సెంట్ల దరిదాపుల్లో ఉన్న ఖర్చు చివరి కేంద్రాలకు 8 సెంట్ల చుట్టుపక్కలకు దిగింది. ఏ ప్రయోగశాలలోనూ దిగని ధర అది. ఒకటి కట్టి, తప్పులు దిద్దుకుని, ఇంకొకటి కడితే దిగింది. నాలుగోవంతు దాకా గ్యాసు మండించుకోనిచ్చారు కాబట్టి మబ్బు పట్టినా ఎక్కువ ధర పలికే గంట చేజారేది కాదు. ఆ చిన్న వెసులుబాటు రాసిన అధికారి ఎవరో గానీ, బాయిలరు దగ్గర నిలబడ్డ మనిషే అయుంటాడని నాకనిపిస్తుంది.

తర్వాత చమురు ధర కూలింది. పదేళ్ల ధర రాసిచ్చే ఒప్పందాలు కొత్తవాళ్లకు ఆగిపోయాయి. పన్ను రాయితీలు ఏటికేడు గండంగా మారాయి. 1989లో ఫెడరల్ రాయితీని తొమ్మిది నెలలకే పొడిగించారు. 80 మెగావాట్ల తొమ్మిదో కేంద్రం 1990 సెప్టెంబరు దాటకుండా పూర్తికావాలి. తరుముకుంటూ కట్టారు, ఖర్చు పెరిగింది. అలా గడువు తరుముతుండగా చేయించిన వెల్డింగులకు హైడ్రాలిక్ టెస్టు చేసే ముందు రాత్రి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ముప్పై ఏళ్లు నడవాల్సిన యంత్రాన్ని తొమ్మిది నెలల రాయితీ కాగితం మీద కట్టమన్నారు.

ఆఖరి దెబ్బ ఆస్తి పన్ను. ఇది ఎవరూ పట్టించుకోని విషయం, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం. గ్యాసు కేంద్రం కట్టినవాడు ఇంధనాన్ని రోజూ కొంటాడు, ఇంకా కొనని గ్యాసు మీద ఎవరూ ఆస్తి పన్ను వెయ్యరు. అద్దాల కేంద్రం కట్టినవాడు ముప్పై ఏళ్ల ఇంధనాన్ని మొదటిరోజే అద్దాల రూపంలో కొనేస్తాడు. ఆ అద్దాలన్నీ ఆస్తే, అన్నిటి మీదా పన్నే. అందుకే కాలిఫోర్నియా మొదట్లో దానికి మినహాయింపు ఇచ్చింది. 1990లో ఆ మినహాయింపును పొడిగించే బిల్లుకు పదవి దిగిపోతున్న గవర్నర్ సమ్మతించలేదు. కొత్త గవర్నర్ వచ్చి దాన్ని నిలబెట్టేసరికి పెట్టుబడి పెట్టేవాళ్లు వెళ్లిపోయారు. 1991లో లుజ్ దివాలా తీసింది. పదో కేంద్రం పునాదుల్లోనే ఆగింది. కట్టిన తొమ్మిది మాత్రం చేతులు మారి నడుస్తూనే వచ్చాయి, వాటిలో చివరివి 30 ఏళ్లు దాటి నడిచాయి. యంత్రం మీద నింద వెయ్యడానికి అక్కడ చోటు లేదు.

ఆ తర్వాత పదిహేనేళ్లు ప్రపంచంలో చెప్పుకోదగ్గ కొత్త కేంద్రం లేదు. ఒక తరం ఇంజనీర్లు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. మళ్లీ తలుపు తెరిచింది స్పెయిన్. 2007 నాటి రాజశాసనం ప్రకారం ఈ కరెంటుకు యూనిట్‌కు 27 యూరో సెంట్ల దాకా, 25 ఏళ్ల పాటు ధర. ఒక్కో కేంద్రం 50 మెగావాట్లు మించకూడదని షరతు ఉండడంతో దేశమంతా 50 మెగావాట్ల కేంద్రాలే మొలిచాయి. ఆండసోల్ ఆ చెట్టు కాయే. 2011లో సెవిల్ దగ్గర వచ్చిన జెమసోలార్ టవరుకు 15 గంటల వేడి దాచుకునే శక్తి ఉంది. వేసవి రోజుల్లో అది రాత్రీ పగలూ ఆగకుండా నడిచింది. 2013కల్లా స్పెయిన్‌లో ఇలాంటివి 2,300 మెగావాట్లయ్యాయి. అప్పటికే అక్కడి కరెంటు ఖాతాలో పెద్ద లోటు పేరుకుంది, పైన ఆర్థిక సంక్షోభం. 2012 జనవరిలో కొత్తవాటికి రాయితీ ఆపారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. నడుస్తున్న కేంద్రాలకు ఇచ్చిన మాటను కూడా వెనక్కి తీసుకున్నారు. ధరల పద్ధతినే రద్దుచేసి, మీకు ఇంత లాభం చాలునని 2014లో కొత్త లెక్క కట్టారు. పెట్టుబడిదారులు అంతర్జాతీయ మధ్యవర్తుల ముందుకెళ్లారు, ఆ వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగాయి. ఖజానా ఖాళీ అయితే ప్రభుత్వం చేతులెత్తేయడం నాకు అర్థమవుతుంది. 25 ఏళ్లకు ధర రాసేటప్పుడు ఎన్ని మెగావాట్లకు రాస్తున్నామో లెక్క చూసుకోకపోవడం మాత్రం క్షమించలేను.

అమెరికా మళ్లీ వచ్చింది, ఈసారి రుణ హామీలతో. ఇవాన్‌పా టవర్లకు 160 కోట్ల డాలర్లు, నెవాడాలో క్రెసెంట్ డ్యూన్స్‌కు 73.7 కోట్ల డాలర్ల హామీ. రెండోదాన్లో ఉప్పు ట్యాంకు కారింది, నెలల తరబడి ఆగింది, చివరికి కొనేవాళ్లు ఒప్పందం రద్దుచేసుకున్నారు. కొత్త యంత్రాన్ని ఒకేసారి అంత పెద్దది కట్టమంటే ఇలాంటివి జరుగుతాయి. లుజ్ 13.8తో మొదలుపెట్టి 80కి మెట్టు మెట్టుగా ఎక్కింది.

ఇక మన ఇల్లు. మన దేశపు కథ జాతీయ సోలార్ మిషన్‌తోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. దానికి ముందు రాజస్థాన్‌లో జోధ్‌పూర్ దగ్గర మథానియా ఉంది. 140 మెగావాట్ల కేంద్రం, అందులో 35 మెగావాట్లు ఎండవి. 1980ల చివర్నుంచి అధ్యయనాలు. ప్రపంచ పర్యావరణ నిధి 4.9 కోట్ల డాలర్ల గ్రాంటు ఇస్తానంది, జర్మన్ బ్యాంకు అప్పిస్తానంది. ఏ ఇంధనంతో కలపాలి, ఎవరు కట్టాలి, కరెంటు ఎవరు కొంటారు అన్న ఉత్తరప్రత్యుత్తరాల్లోనే ఏళ్లు గడిచాయి. ఒక్క అద్దం కూడా నిలబడలేదు.

2010 జనవరి 11న ప్రధాని మన్మోహన్ సింగ్ జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సోలార్ మిషన్‌ను ప్రారంభించారు. 2022కల్లా 20,000 మెగావాట్లన్నది లక్ష్యం. మొదటి దశలో గ్రిడ్‌కు కలిపే 1,000 మెగావాట్లలో సగం పలకలకు, సగం సౌర ఉష్ణానికి. ఈ సగం సగం అన్నది ఆ రోజు తెలివైన నిర్ణయమే. అప్పటికి కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి లెక్క ప్రకారం పలకల కరెంటు యూనిట్‌కు 17.91 రూపాయలు, సౌర ఉష్ణ కరెంటు 15.31 రూపాయలు. అవును, అద్దాలే చవక. కొనుగోలుకు కూడా మంచి ఉపాయం దొరికింది. ఎన్టీపీసీ వ్యాపార విభాగం ఎన్‌వీవీఎన్ ఈ ఖరీదైన కరెంటును కొని, ఎవరికీ కేటాయించని చవక బొగ్గు కరెంటుతో కలిపి డిస్కంలకు అమ్ముతుంది. నీళ్లు కలిపిన మజ్జిగలా ధర అందరికీ మింగుడుపడేలా పలచబడుతుంది. ఆ ఆలోచన చేసినవాళ్లకు నమస్కారం పెట్టాలి.

తప్పు ఆ తర్వాతి అడుగులో ఉంది. దరఖాస్తులు ఎక్కువ వచ్చాయని, తక్కువకు పాడుకున్నవాళ్లకే ఇస్తామని వేలం పెట్టారు. 2010 చివర్లో ఏడు ప్రాజెక్టులు, 470 మెగావాట్లు ఖాయమయ్యాయి. పాటలు 10.49 రూపాయల నుంచి 12.24 దాకా. అంతకుముందు దేశంలో ఒక్క పెద్ద సౌర ఉష్ణ కేంద్రాన్నీ ఎవరూ కట్టి ఉండలేదు. అలాంటప్పుడు మండలి కట్టిన ధరకన్నా మూడు, నాలుగు, అయిదు రూపాయలు తగ్గించి పాడారు. తెలుగువాళ్లం గమనించాల్సింది ఇంకోటుంది. ఆ ఏడింటిలో మూడు, 470 మెగావాట్లలో 250, హైదరాబాద్ మూలాలున్న సంస్థలవే. మనవాళ్ల సాహసం గురించి నాకు గర్వంగానే ఉంది. అయితే ఆ సాహసం దేని మీద నిలబడిందో చూడండి.

ఎండ లెక్క మీద. సూటిగా పడే ఎండ ఎంతో ఆ స్థలాల్లో నేల మీద నిలబడి ఏళ్ల తరబడి కొలిచినవాళ్లు లేరు. ఉపగ్రహాల చిత్రాల నుంచి కట్టిన అంచనాలు చేతిలో పెట్టుకుని పాడారు. నేల మీద కొలిచే 51 కేంద్రాలను చెన్నైలోని సీ-వెట్ సంస్థ పెట్టింది 2011లో, వేలం అయిపోయాక. ఆ పరికరాలు చూపించిన ఎండ చాలాచోట్ల అంచనా కన్నా తక్కువ. ఉపగ్రహం కంటికి సరిగా ఆననిది గాలిలోని దుమ్ము. మాస్టారి లెడ్జరులో ఆకాశం గడిని నేను ఎన్నోసార్లు బద్ధకంగా నింపాను. ఆ సంగతి ఆయనకు తెలుసు కూడా. ఈ వేలం వివరాలు చదివిన రోజు ఆ బద్ధకం గుర్తొచ్చి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

మిగతావీ తోడయ్యాయి. గొట్టాలు, వంపు అద్దాలు, ఆ ప్రత్యేకమైన నూనె అన్నీ బయటినుంచి రావాలి. ఆ నూనె తయారుచేసే కంపెనీలు ప్రపంచంలోనే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పాట పాడిన నాటికి డాలరు 45 రూపాయలు, 2013 ఆగస్టులో 68 దాటింది. బ్యాంకులు వెనకాడాయి. 2013 మేలో ముగియాల్సిన గడువును పొడిగించాల్సి వచ్చింది. ఏడింటిలో గ్రిడ్‌కు చేరినవి మూడు. జైసల్మేర్ జిల్లా నోఖ్‌లో గోదావరి గ్రీన్ ఎనర్జీ కేంద్రం 2013 జూన్‌లో, ధుర్సర్‌లో రిలయన్స్ వాళ్లది 2014లో, మన జిల్లాలోనే నాగలాపురంలో మేఘా వాళ్ల 50 మెగావాట్ల కేంద్రం 2014లో. 10.49 రూపాయలకు పాడిన ప్రాజెక్టు నుంచి ఒక్క యూనిట్ కూడా రాలేదు.

నాగలాపురం అద్దాల వరసలను నేను వెళ్లి చూశాను. పొద్దుతో పాటు నెమ్మదిగా తలతిప్పే ఆ వరసల ముందు నిలబడితే, బొగ్గు బూడిద పీల్చి బతికిన నాలాంటివాడికి కళ్లు చెమ్మగిల్లుతాయి. అక్కడ నిలబడి ఇంకో సంగతి కూడా ఆలోచించాను. ఆవిరిని మళ్లీ నీరుగా మార్చడానికి మామూలు పద్ధతిలో యూనిట్‌కు మూడు లీటర్ల దాకా నీళ్లు ఖర్చవుతాయి. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి మనది. గాలితో చల్లార్చే పద్ధతి ఉంది, దానికి ఖర్చెక్కువ, కరెంటు కొంచెం తగ్గుతుంది. ఎండ పుష్కలంగా ఉన్నచోట నీళ్లుండవు. ఈ చిక్కును ఏ టెండరూ విడిగా గుర్తించి ధర కట్టలేదు.

అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకోటి. ఆ వేలంలో యూనిట్ యూనిటే. మధ్యాహ్నం పన్నెండుకు ఇచ్చినా, రాత్రి ఎనిమిదికి ఇచ్చినా ధర ఒకటే. అలాంటప్పుడు ఉప్పు ట్యాంకుల మీద ఎవరు డబ్బు పెడతారు? ఆ మూడు కేంద్రాల్లో ఒక్కదానికీ వేడి దాచుకునే ట్యాంకు లేదు. సౌర ఉష్ణానికి ఉన్న ఒకే ఒక్క ప్రత్యేకతను టెండరు కాగితమే కొట్టేసింది. ఇక మిగిలింది పగటి కరెంటు, దాంట్లో పలకలతో పోటీ. పలకల ధర ఎలా జారిందో మీకు తెలుసు. 2011 చివర్లో 7.49 రూపాయలు, 2017లో కడప సోలార్ పార్కులో 3.15, అదే ఏడు మేలో రాజస్థాన్ భడ్లాలో 2.44. పగటి యూనిట్ అమ్మే పోటీలో అద్దాలు ఎలా నెగ్గుతాయి? సగం సగమన్న మాట ఎవరూ రద్దు చెయ్యకుండానే రద్దయిపోయింది.

వేళకు ధర కట్టినచోట ఏమైందో చూడండి. దక్షిణాఫ్రికా 2013 నాటి వేలంలో, సాయంత్రం నాలుగున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఇచ్చే సౌర ఉష్ణ కరెంటుకు మామూలు ధరకు 2.7 రెట్లు ఇస్తామంది. వేడి దాచుకునే ట్యాంకులు కట్టుకోండని ఎవరూ ఆదేశించలేదు. గంటల ధర చూసి వాళ్లే కట్టుకున్నారు. మొరాకో ఔర్జాజాత్‌లో నూర్ కేంద్రాలకు సర్కారు సంస్థ మాసెన్ తానే కొనుగోలుదారుగా, తానే భాగస్వామిగా నిలబడింది, తక్కువ వడ్డీ అప్పులు తెచ్చిపెట్టింది. ఎడారిలో 510 మెగావాట్ల సౌర ఉష్ణ కేంద్రాలు లేచాయి. చైనా 2016లో 20 ప్రాజెక్టులు ఎంచి, యూనిట్‌కు 1.15 యువాన్ ధర ప్రకటించింది. 2018 గడువును చాలామంది అందుకోలేకపోయారు.  చైనా గడువు పెంచింది, ఆలస్యమైన కొద్దీ ధర కొద్దికొద్దిగా తగ్గించింది. డెలింఘా, డున్‌హువాంగ్ ఎడారుల్లో అద్దాలు, టవర్లు, ఉప్పు, నూనె అన్నీ సొంతంగా చేసుకునే పరిశ్రమ ఒకటి పుట్టింది. దుబాయిలో 700 మెగావాట్ల సౌర ఉష్ణ కేంద్రానికి యూనిట్ 7.3 సెంట్లకు ఒప్పందం కుదిరింది. వాళ్లకు కావాల్సింది రాత్రి కరెంటని మొదటిరోజే చెప్పారు.

మన దగ్గర కూడా ఆ మాట వచ్చింది, పదేళ్లు ఆలస్యంగా. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ సెకీ పెట్టిన 1,200 మెగావాట్ల టెండరులో మొదటిసారి గిరాకీ గంటలకు వేరే ధర రాశారు. మామూలు వేళల్లో 2.88 రూపాయలు. గిరాకీ వేళల్లో గ్రీన్‌కో పాట 6.12, రెన్యూ పాట 6.85. హైదరాబాద్ సంస్థ అయిన గ్రీన్‌కో కర్నూలు వైపు పిన్నాపురంలో కొండ మీదికి నీళ్లు తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే కేంద్రం చేపట్టింది. గిరాకీ గంటలకు అలాంటి వేరే ధర 2010 కాగితంలోనే ఉండి ఉంటే, ఆ డబ్బు మన ఎడారుల్లో ఉప్పు ట్యాంకులయ్యేది.

ఇప్పుడు బ్యాటరీల ధర పడిపోయింది కదా, ఇంకా అద్దాలెందుకని మీలో కొందరు అడుగుతారు. అడగాలి. రెండు మూడు గంటల సాయంత్రపు అవసరానికి బ్యాటరీ నెగ్గుతుందని నేనూ ఒప్పుకుంటాను. రాత్రంతా పది పన్నెండు గంటలు కావాల్సినప్పుడు లెక్క మారుతుంది. అక్కడ ఉప్పు ట్యాంకుకు ఇంకా చోటుందని నా నమ్మకం. టర్బైను బరువుగా తిరుగుతూ గ్రిడ్‌ను తొట్రుపడకుండా పట్టుకోవడం కూడా ఒక సేవ, దానికీ విలువ కట్టాలి. ఎవరు నెగ్గుతారో ముందే తీర్మానించడం సర్కారు పని అనుకోను. ఏ గంటకు ఎంత ఇస్తుందో చెప్పి, ఇరవై అయిదేళ్లు ఆ మాట మీద ఉండడం దాని పని.

కరెంటును పక్కనపెట్టి వేడిని వేడిగానే వాడుకునే దారి ఒకటుంది. దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. తిరుమలలో 2002లో 106 అద్దాల గిన్నెలు పెట్టారు, అవి పుట్టించే ఆవిరితో రోజుకు 15,000 మందికి వంట చేసేలా ఏర్పాటైంది. అబూ రోడ్‌లో బ్రహ్మకుమారీల 'ఇండియా వన్' కేంద్రంలో 770 గిన్నెలు ఇనుప దిమ్మల్లో వేడి దాచి, రాత్రి కూడా ఆవిరినిస్తాయి. పాల డెయిరీలు, అద్దకం యూనిట్లు, మందుల ఫ్యాక్టరీలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో, వాటికి 150, 180 డిగ్రీల ఆవిరి ఎంత కావాలో ఆలోచించండి. ఆ ఆవిరికి ఇవాళ బొగ్గు, పొట్టు, ఫర్నేస్ ఆయిల్ మండుతున్నాయి. టర్బైను లేదు, గ్రిడ్ లేదు, డిస్కం బకాయిల బెడద లేదు. ఒక అద్దాల వరస, ఒక బాయిలరు చాలు. ఇక్కడ వ్యాపారం పెరగడానికి కావాల్సింది మొదటిరోజు పెట్టుబడికి తక్కువ వడ్డీ అప్పు. ముప్పై ఏళ్ల ఇంధనాన్ని ముందే కొనేవాడికి వడ్డీయే అసలు ధర.

ఈ అప్పు ఎవరివ్వాలన్నా, ఏ టెండరు రాయాలన్నా ముందు ఎండను కొలవాలి. ఇక్కడ, ఈ గాలిలో, ఈ దుమ్ములో, రోజూ. పోయిన నెల మాస్టారి సతీమణి, మా అమ్మగారు, ఆయన లెడ్జర్లు మూడూ నాకిచ్చారు. ఏడాదికి మూడువందల పైచిలుకు వరసలు, పదకొండేళ్లు. మధ్యలో నా చేతిరాత కూడా ఉంది. ఇవాళ ఇక్కడికొచ్చిన ప్రిన్సిపాల్ గారికి వాటిని అప్పగిస్తున్నాను. పాత డబ్బా తుప్పుపట్టి అడుగు ఊడిపోయింది. కొత్తదాన్ని, దానితో పాటు సూటి ఎండను కొలిచే పరికరాన్ని మా బ్యాచ్ వాళ్లం కలిసి కొనిచ్చాం, నిన్న మిద్దె మీద బిగించారు. రేపు ఉదయం ఎనిమిదికి మొదటి రీడింగు. బీఎస్సీ పిల్లలు నలుగురు పేర్లిచ్చారు. రాత్రి ఎనిమిది రీడింగుకు మాత్రం మిద్దె తాళం వాళ్ల దగ్గర ఉండాలి, ఆ ఏర్పాటు చెయ్యమని ప్రిన్సిపాల్ గారిని అడుగుతున్నాను.